రంగు కావాలంటే 53280వ గదిలో విచారించుకోండి

నేటి ప్రోగ్రామరు తాను కోడు రాసుకునే ఎడిటర్‌కు ముదురు థీమ్ పెట్టుకోవాలా, లేత థీమ్ పెట్టుకోవాలా అని సోమవారం ఉదయం మొదలుపెట్టిన ఆలోచనను మంగళవారం మధ్యాహ్నానికి కూడా తెమల్చలేకపోతున్నాడు. పాపం, అతని ఎదుట 1,67,77,216 రంగులు పరిచి ఉన్నాయి. ఇన్నేసి రంగులను అడిగినవాడికీ అడగనివాడికీ పంచిపెడితే ఇలాంటి అనర్థమే జరుగుతుందని 1982లోనే గ్రహించిన దూరదృష్టి కమడోర్ అనే కంప్యూటర్ సంస్థదని, ఆ దూరదృష్టికి తగిన గౌరవం ఇప్పటికీ దక్కలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ ఏడాది విడుదలైన కమడోర్ 64లో పదహారు రంగులు ఉండేవి. ఇంటి కంప్యూటర్లలో అది పెద్ద వైభవమే. అయితే ఆ యంత్రంతో వచ్చిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తెర రంగు మార్చే ఆజ్ఞ మచ్చుకైనా లేదు. 1977 నాటి తమ పెట్ కంప్యూటర్ కోసం మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్న బేసిక్‌నే, అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు, కొద్దిపాటి మార్పులతో దీనికీ తొడిగారు. పెట్ తెర ఏకవర్ణం కాబట్టి ఆ చొక్కాకు రంగుల జేబు కుట్టవలసిన అవసరం అప్పట్లో ఎవరికీ రాలేదు. గిట్టనివారు దీనిని పిసినారితనం అన్నారు. నేను పరిపాలనాదక్షత అంటాను, ఎందుకంటే వరం ఉన్నదని చాటించి, దానిని పొందే దారిని మాత్రం గోప్యంగా ఉంచడం కన్నా ఉన్నతమైన పాలనా సూత్రం నా ఎరుకలో లేదు.

దారి లేకపోలేదు. తెర చుట్టూ ఉండే అంచును నల్లగా చేయదలచిన పౌరుడు పోక్ 53280,0 అని కొట్టాలి, అంటే యంత్రం మెమరీలోని 53280వ గదిలో నలుపు సంఖ్య అయిన సున్నాను పెట్టాలి. లోపలి నేపథ్యానికి 53281వ గది, అక్షరాల రంగుకు 646వ గది. విక్ 2 అనే చిత్రాల చిప్పు కాపురముండే వీధి 53248 దగ్గర మొదలవుతుందని, అక్కడి నుంచి ముప్పై రెండిళ్లు దాటితే అంచు రంగు వాకిలి వస్తుందని తెలిసినవాడికి ఇది సులభమే. తెలియనివాడు వేరే తలుపు తట్టవచ్చు. ఉదాహరణకు 53265లో సున్నా పెట్టినట్లయితే, తెర మీది అక్షరాలన్నీ మాయమై, తెర యావత్తూ అంచు రంగులో మునిగిపోతుంది. దరఖాస్తుదారు తప్పు కౌంటరుకు వచ్చాడని యంత్రం చెప్పదు. ఇచ్చినదాన్ని పుచ్చుకుని ఊరుకుంటుంది.

ఇక జవాబు చెప్పే తీరు మరీ ప్రశంసనీయం. ఉదయం తెరవగానే అంచు లేత నీలంగా, అనగా 14వ రంగులో ఉంటుంది. ఇప్పుడు ఏ రంగు ఉన్నదని, గదిలోని సంఖ్యను చదివి చెప్పే పీక్ ద్వారా మర్యాదగా అడిగితే 254 అని సమాధానం వస్తుంది. ఆ గదిలో సున్నా గానీ ఒకటి గానీ పట్టే ఎనిమిది బిట్లు ఉండగా రంగుకు నాలుగే చాలు కాబట్టి, మిగిలిన నాలుగూ పనిలేకపోయినా చదివినప్పుడల్లా ఒకట్లుగా హాజరు వేయించుకుంటాయి. పని చేయని నలుగురినీ లెక్కలోంచి తీసివేసి అసలు సంగతి తెలుసుకోవడం అర్జీదారు బాధ్యత. ఈ పద్ధతి మనకేమీ కొత్త కాదు కనుక వివరించను.

ఇంతకు ముందరి కమడోర్ యంత్రం విక్ 20లో అంచుకూ నేపథ్యానికీ కలిపి 36879 అనే ఒకే గది ఉండేది. నేపథ్యం సంఖ్యను పదహారుతో హెచ్చవేసి, ఎనిమిది కలిపి, ఆపైన అంచు సంఖ్యను చేర్చి ఇవ్వాలి. గోడకు సున్నం వేయించే ముందు ఎక్కాలు అప్పజెప్పమనడంలో తప్పు పట్టవలసినది ఏమీ కనిపించదు.

ఈ క్రమశిక్షణ లేనిచోట ఏమవుతుందో చూడదలచినవారు ఇంగ్లండు వైపు చూడవచ్చు. అదే 1982లో సింక్లెయిర్ తన కంప్యూటరు జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో ఇంక్, పేపర్, బోర్డర్ అంటూ పసిపిల్లలకు సైతం అర్థమయ్యే మాటలను విచ్చలవిడిగా పంచిపెట్టాడు. దాని ఫలితంగా తెరను 768 గళ్లుగా కోసి, గడికి ఒక సిరా, ఒక కాగితం చొప్పున రేషన్ పెట్టవలసి వచ్చింది. ఆటలోని వీరుడు పచ్చని చెట్టు పక్కకు వెళ్లగానే సగం పచ్చబడేవాడు. శత్రువు దగ్గరకు వచ్చాక ఎవరి ఒంటి మీద ఎవరి రంగు ఉన్నదో చెప్పడం కష్టమయ్యేది. మామూలు రంగులు ఎనిమిది, మెరుపు కలిపినవి ఎనిమిది; మెరుపు కలిపినప్పటికీ నలుపు నలుపుగానే ఉంటుంది కాబట్టి, ఎనిమిదీ ఎనిమిదీ కలిపితే పదిహేను అని కుండబద్దలు కొట్టిన యంత్రం అది. ఒక్క మంచి మాట చెప్పాలంటే, నలుపు నుంచి తెలుపు దాకా దాని రంగులను వెలుగు పెరిగే వరుసలో పేర్చారు. నలుపు తెలుపు టీవీకి తగిలించినా బూడిద రంగు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మన దూరదర్శన్ కూడా రంగులు తొడుక్కున్నది ఆ సంవత్సరమే కనుక, ఈ దయ విలువ తెలిసినవారు మనలో చాలామందే ఉండాలి.

మన పాఠశాలలకు 1984–85లో క్లాస్ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటరు మధ్యేమార్గం పాటించింది. దాని మోడ్ 2 అనే తెర అమరికలో అక్షరం ఎర్రగా కావాలంటే కలర్ 1, నేపథ్యం ఎర్రగా కావాలంటే కలర్ 129. గోడకు అదనంగా 128 సుంకం. రసీదు ఉండదు.

కమడోర్ పాలనలో తిరుగుబాటు రాలేదా అంటే, వచ్చింది. డేవిడ్ సైమన్స్ అనే పదహారేళ్ల బ్రిటిష్ కుర్రవాడు బేసిక్‌కు 114 కొత్త ఆజ్ఞలు రాసి చేర్చాడు. ఇంకొక సంస్థ అయితే కంగారుపడేది. కమడోర్ దానిని 1983లో యంత్రానికి తగిలించే కార్ట్రిడ్జ్‌లో పెట్టి అమ్మింది. భాషలో ఇవ్వని మాటలనే విడిగా వెల కట్టి ఇవ్వడం తెలిసినవారికి తిరుగుబాటు వల్ల ఏనాడూ నష్టం రాదు.

కనుక నా ప్రతిపాదన ఇది. నేటి ఎడిటర్లన్నిటిలోనూ థీముల జాబితాను తక్షణం తొలగించి, దాని స్థానంలో అయిదంకెల సంఖ్య రాయడానికి ఒక గడి ఉంచాలి. ఆ సంఖ్య ఏమిటో ఎక్కడా ప్రచురించరాదు. స్వేచ్ఛ హరించుకుపోతుందని బెంగపడేవారు ఒకసారి కమడోర్ 64 ముందు కూర్చుని పోక్ 53281,14 అని కొట్టి చూడవలసిందిగా కోరుతున్నాను. లేత నీలం అక్షరాల వెనుక నేపథ్యం కూడా లేత నీలమవుతుంది, దాని చుట్టూ అంచు ఎలాగూ లేత నీలమే. యంత్రం సిద్ధంగా ఉన్నానంటూనే ఉంటుంది, మనం కొట్టిన ప్రతి అక్షరాన్నీ స్వీకరిస్తూనే ఉంటుంది, ఒక్కటీ కనిపించదు. అప్పుడు గుడ్డిగా మరో పోక్ కొట్టే ధైర్యం లేనివారి కోసం ఎడమచేతి వైపు రన్ స్టాప్, కుడిచేతి వైపు రిస్టోర్ అని రెండు మీటలు ఉన్నాయి. మొదటిదాన్ని నొక్కిపట్టి రెండోదాన్ని కాస్త గట్టిగా కొట్టాలి. పోయినసారి నేను పూటంతా కష్టపడి పెట్టుకున్న నల్లని అంచు, ఆకుపచ్చని అక్షరాలు కూడా ఆ దెబ్బకే వెళ్లిపోయాయి. నీలం మీద లేత నీలం మళ్లీ వచ్చి, ఏమీ జరగనట్టు మినుకుమినుకుమంటూ కూర్చుంది.