పిడుగు గుమాస్తా

‘పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా’ అని ఎత్తిపొడిచిన పెద్దలెవరో గానీ గ్రిమ్ డాన్ అనే కంప్యూటర్ ఆట ఆడి ఉండరు. ఆ ఆట 2016లో గానీ రాలేదు కాబట్టి అది వారి తప్పు కాదు. ఆడి ఉంటే ఆ మాటను ఎత్తిపొడుపుగా కాక ఆశీర్వచనంగా వాడేవారు. అందులో షామన్ అనే మెరుపుల మాంత్రికుడికి ఉండాల్సిన సుగుణం అదొక్కటే మరి. ఎలుక ఎదురైనా, ఎముకల గూడు ఎదురైనా, ఏ లోకం నుంచో ఊడిపడ్డ రాక్షసుడు ఎదురైనా నొక్కాల్సింది ఒకే బటన్. ఏకాగ్రత అంటే ఇదే. మహర్షులు వందల ఏళ్లు తపస్సు చేసి సాధించినదాన్ని మనం చూపుడువేలితో సాధిస్తున్నాం.

ఇంత గంభీరమైన విషయం మీద మేధావులెవరూ కలం కదపకపోవడం విచారకరం. అందుకే ఈ బాధ్యత నేను నెత్తినేసుకున్నాను. నా అర్హత ఏమిటని అడిగేవారికి నా కుడి మణికట్టు చూపిస్తాను.

షామన్ అనే మాట సైబీరియాలోని ఎవెంకీల వంటి తుంగూసిక్ జాతుల భాషల నుంచి వచ్చింది. అక్కడ షామన్ అంటే డప్పు వాయిస్తూ ఆత్మలతో మాట్లాడి రోగాలు నయం చేసే పెద్దమనిషి. మన ఆటలో షామన్ ఎవరితోనూ మాట్లాడడు. అతని ముఖ్య మంత్రం పేరు ప్రైమల్ స్ట్రైక్. దీన్ని ఉచ్చరించడానికి సంస్కృతం రానక్కర్లేదు, రెండు చేతులతో పట్టుకునే ఆయుధం ఉంటే చాలు. అది లేకపోతే మంత్రం పలకదు. అంటే ఇనుప గదతో ఒక్కటిస్తాడు, ఆ దెబ్బకు మెరుపు తోడవుతుంది, పక్కనున్నవాళ్లకూ వాటా అందుతుంది. మంత్రాలకు చింతకాయలు రాలవన్న సంగతి ఇతను ఎప్పుడో గ్రహించి, చెట్టునే కొట్టడం మొదలుపెట్టాడన్నమాట.

ఇంక ఆయనగారి శరీర నిర్మాణం. లెవెల్ పెరిగినప్పుడు చేతికొచ్చే పాయింట్లను ఫిజీక్, కన్నింగ్, స్పిరిట్ అనే మూడింట్లో దేనికైనా పెట్టుకోవచ్చు. కండ, యుక్తి, ఆత్మశక్తి. మెరుపు డ్యామేజ్ పెరిగేది ఆత్మశక్తితో. కాబట్టి ఆత్మలను పిలిచే మాంత్రికుడు ఆత్మశక్తినే పెంచుకుంటాడని అమాయకులు అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను. తెలిసినవాళ్ల సలహా మాత్రం ఒకటే: దాదాపు అన్నీ కండకే పెట్టు, మిగతావి చచ్చాక చూసుకోవచ్చు. బరువైన కవచం మొయ్యాలన్నా, ప్రాణం నిలవాలన్నా, శత్రువు దెబ్బ తప్పిపోవాలన్నా కండే కావాలట. అలా నా ఆధ్యాత్మిక గురువు వందో లెవెల్ చేరేసరికి గోదాములో బస్తాలు మోసేవాడిలా తయారయ్యాడు.

ఇదంతా పైపై ముచ్చట. అసలు పని లెక్కల పుస్తకంలో ఉంది.

మెరుపు ఎప్పుడూ నిలకడలేని సరుకే. 2000లో వచ్చిన డయాబ్లో 2 అనే ఆటలో సోర్సెరెస్ అనే మంత్రగత్తె నేర్చుకునే లైట్నింగ్ మంత్రం మొదటి మెట్టులో 1 నుంచి 40 దాకా డ్యామేజ్ ఇచ్చేది. 1 అంటే దోమ కుట్టినంత. 40 అంటే దోమతో పాటు దాని వంశమంతా కుట్టినంత. నిప్పు నమ్మకస్తుడు, చలి నిదానస్తుడు, మెరుపు మాత్రం జీతం రాని రోజూ బోనస్ వచ్చిన రోజూ ఒకే ముఖంతో ఇంటికొచ్చే మనిషి. దాన్ని నమ్ముకుని కాపురం చెయ్యాలంటే సగటు లెక్క వెయ్యడం నేర్చుకోవాలి. ఆ క్షణాన మాంత్రికుడు చచ్చి గుమాస్తా పుడతాడు.

నేను చాలాకాలం కొత్త గుమాస్తాలు చేసే తప్పే చేశాను. మెరుపు డ్యామేజ్ ఇంత శాతం పెంచును అని రాసి ఉన్న ప్రతి ఉంగరాన్నీ వేలికి తొడిగాను. కూడిక తప్ప ఇంకేదీ రానివాడికి అది గొప్పగానే కనబడుతుంది. అప్పటికే 1500 శాతం పోగేసినవాడికి ఇంకో 100 శాతం కలిస్తే దెబ్బ పెరిగేది 6 శాతం పైచిలుకు మాత్రమే. అసలుతో కలిపి 16 వంతులున్నచోట 17 అయ్యాయి, అంతే. అదే శత్రువుకు మెరుపు రెసిస్టెన్స్, అంటే మెరుపు దెబ్బను తట్టుకునే శక్తి, 40 శాతం ఉందనుకోండి, దాన్ని సున్నాకు దించితే 60 పడే దెబ్బ 100 పడుతుంది. అంటే ఒక్కసారే మూడింట రెండొంతుల పెరుగుదల. మన బలం పెంచుకోవడం కంటే అవతలివాడి రక్షణ తగ్గించడం ఎంత లాభసాటో ఈ ఆట చెప్పినంత నిర్మొహమాటంగా ఇంకెవరూ చెప్పరు. ఆఫీసు రాజకీయాల్లో ఉన్నవాళ్లకు ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదనుకోండి.

అందుకోసం షామన్ దగ్గర విండ్ డెవిల్ అనే సుడిగాలి ఉంది. దాన్ని వదిలితే అది ఎవరి మాటా వినకుండా తిరుగుతుంది. దానికి తోడుగా రేజింగ్ టెంపెస్ట్ అనే అనుబంధ విద్య మీద పాయింట్లు పెడితే, తన దారిలోకి వచ్చినవాళ్ల రెసిస్టెన్స్ కోసుకుంటూ పోతుంది. ఇక్కడ సంధులూ సమాసాలకు తీసిపోని వ్యాకరణం ఒకటుంది. అంకె ముందు తీసివేత గుర్తు ఉన్న తగ్గింపులు ఎన్ని చోట్ల నుంచి వచ్చినా అన్నీ కలుస్తాయి. ‘ఇంత శాతం తగ్గును’ అని రాసి ఉన్నవి మాత్రం కలవవు, వాటిలో పెద్దదొక్కటే చెల్లుతుంది. శాతం లేకుండా వట్టి అంకెతో తగ్గించేవి మూడో రకం, అవీ ఒకదానితో ఒకటి కలవవు. ఒక్క చిన్న గీత ఉందా లేదా అన్నదాన్ని బట్టి పిడుగు బలం మారిపోతుంది. శాసనాల్లో సున్నా ఉందో లేదో భూతద్దం పెట్టి చూసే పండితుడి స్థాయిలో నేను ఆ గీత కోసం వెతికిన రాత్రులున్నాయి.

నేల మీద లెక్క తేలాక నక్షత్రాల లెక్క మొదలవుతుంది. గుళ్లు పునరుద్ధరిస్తే డివోషన్ పాయింట్లొస్తాయి, వాటితో ఆకాశంలో నక్షత్రమండలాలు వెలిగించుకోవాలి. ఆటకు తర్వాత వచ్చిన విస్తరణలతో కలిపి 55 పాయింట్లు. మెరుపువాడి కన్ను ఎప్పుడూ ఉల్టోస్ మీదే, తుఫానుల కాపరి ఆయన. కానీ పెద్దాయన దర్శనం ఊరికే దొరకదు, ముందు చిన్నాచితకా మండలాలన్నింటికీ మొక్కాలి. ఆ తర్వాతి ఘట్టమే నాకు మహా ఇష్టం. పెద్ద మండలం చేతికొచ్చి, తన కాళ్ల మీద తాను నిలబడగలిగాక, మొదట మొక్కిన చిన్న నక్షత్రం నుంచి పాయింటు వెనక్కి తీసేసుకోవచ్చు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడం తప్పని ఎవరన్నారో గానీ, ఇక్కడ అది తప్పు కాదు సరికదా, చెయ్యనివాణ్ణి తెలివితక్కువవాడంటారు. దీని పేరు డివోషన్, అంటే భక్తి.

వస్తువుల సంగతి క్లుప్తంగా ముగిస్తాను, తలచుకుంటే బాధ. మెరుపు షామన్ తిరిగే ప్రతి గుహలోనూ విషం పెంచే ఉంగరాలు దొరుకుతాయి. విషాన్ని నమ్ముకున్నవాడు తిరిగే గుహల్లో మెరుపు ఉంగరాలు దొరుకుతాయని విన్నాను. మేమిద్దరం ఒకసారి కలవాలి.

ఇన్ని లెక్కలు చేసి, గద మెరుగుపెట్టి, సుడిగాలికి చదువు చెప్పించి, అల్టిమేట్ అనే చివరి కష్టస్థాయికి చేరాను. ఏథీరియల్స్ అనే వర్గాన్ని చంపగా చంపగా, వాళ్లకు నా మీద ద్వేషం పండి, నా ఒక్కడి కోసం ఒక ప్రత్యేక అధికారిని పంపారు. ఆయన పేరు వాల్డరాన్, బిరుదు తుఫాను కొరడా. వృత్తి: మెరుపులు కురిపించడం. అంటే నా వృత్తే. ఇద్దరు గుమాస్తాలు ఎదురుపడ్డారు. నేను నా బటన్ నొక్కాను. ఆయన తన బటన్ నొక్కాడు.

నా లెక్కల పుస్తకంలో తిరగెయ్యని పేజీ ఒకటుందని అప్పుడు తెలిసింది. ప్రపంచంలో అందరి మెరుపు రెసిస్టెన్సూ తగ్గించే హడావుడిలో నా మెరుపు రెసిస్టెన్స్ ఎంతో చూసుకోలేదు. బట్టలన్నీ కలిపి 84 ఇస్తున్నాయి, మామూలుగా 80కి మించి లెక్కలోకి రాదు కాబట్టి నిండుగా ఉందనుకున్నాను. అల్టిమేట్‌లో 50 కోత పడుతుంది. మిగిలింది 34. వందలో 20 తగలాల్సినచోట 66 తగిలింది, అంటే మూడు రెట్ల పైమాటే. మెరుపుల మాంత్రికుడు పిడుగు పడి పోయాడు.

ఈ ఆటలో మామూలు చావు పెద్ద శిక్షేం కాదు. లెవెల్ పెరగడానికి పోగేసుకున్న అనుభవం కొంత పోతుంది, పడిపోయినచోట ఒక సమాధి వెలుస్తుంది. వెళ్లి దాన్ని తాకితే పోయిన అనుభవంలో కొంత తిరిగొస్తుంది.

వెళ్లాను. సమాధి పక్కనే నిలబడి ఉన్నాడు.