బిగుసుకున్న తలుపుకు అప్పుడే ఆయుష్షు తీరలేదు

వానలు మొదలైతే చాలు, కోనసీమ ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. "వానాకాలంలో తలుపు బిగుసుకుంటే చెక్క లోపల పుచ్చినట్టే. వేలాడిన తలుపు మళ్లీ నిలబడదు. అడుగు పుచ్చితే మొత్తం పోయినట్టే. కిర్రుమనే తలుపు ఇంటికి అరిష్టం. మరమ్మతు డబ్బు దండగ, కొత్తది పెట్టించుకోండి. పాత తలుపు మేమే ఉచితంగా తీసుకెళ్తాం." రాసినవాళ్లు ఎవరో గానీ, పంచుతున్నవాళ్లు మాత్రం మనవాళ్లే.

మొదటి మాట చూద్దాం. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. అది చెక్క స్వభావం, పుచ్చు కాదు. ఆ ఉబ్బు కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. పీచు పొడవునా దాదాపు ఏమీ ఉండదు, పీచుకు అడ్డంగానే ఉంటుంది. అందుకే తలుపు ఎత్తు అలాగే ఉండి, వెడల్పు పెరిగి, గడియ వైపు ద్వారబంధానికి ఒరుసుకుంటుంది. చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు ఉన్న డెల్టాలో నైరుతి రుతుపవనాలు వెళ్లీ వెళ్లకముందే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. చెక్కకు ఆరే తీరిక దొరకదు. మాఘం దాటేసరికి అదే తలుపు ఎవరూ ముట్టుకోకుండానే సులువుగా పడుతుంది. పుచ్చిన చెక్క అలా కోలుకుంటుందా?

ఇక్కడ కొందరు వడ్రంగుల మీదా నాకు ఫిర్యాదు ఉంది. శ్రావణంలో పిలవగానే వచ్చి, ఉబ్బిన అంచంతా చిత్రిక పట్టేస్తారు. వేసవిలో ఆ సందులోంచి బల్లులు రాకపోకలు సాగిస్తాయి. వానల్లో తప్పనిసరైతే ద్వారబంధానికి సుద్దముక్క రాసి తలుపు మూయండి. సుద్ద అంటిన చోట మాత్రమే పలుచగా తీయించండి. అసలు పని వేసవిది. తలుపు దింపించి పై అంచు, అడుగు అంచు చూడండి. చాలా ఇళ్లలో అక్కడ రంగు చుక్క కూడా ఉండదు, కంటికి కనబడదు కనుక ఎవరూ వేయరు. నిలువు చెక్కల పీచు కొసలు బయటపడేది అక్కడే, తేమను ఎక్కువగా తాగేదీ అక్కడే. చెక్క బాగా ఆరిన మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ రెండు అంచులకూ రంగో వార్నిషో రెండు పూతలు వేయిస్తే తేమ పూర్తిగా ఆగదు గానీ నెమ్మదిస్తుంది. మళ్లీ వానాకాలం గట్టెక్కడానికి చాలా తలుపులకు ఆ మాత్రం చాలు.

వేలాడిన తలుపు సంగతికి వస్తే, పిడి పట్టుకుని రెక్కను కాస్త పైకెత్తి చూడండి. ఊగితే లోపం సాధారణంగా పై మడతబందులో ఉంటుంది, మరలు పట్టు తప్పి ఉంటాయి. పాత మరలు తీసి, రంధ్రాల్లో జిగురు రాసిన చెక్క చీలలు దిగగొట్టి, ఆరాక పొడవైన మరలు బిగిస్తే రెక్క పైకి లేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. రెక్క ఊగకపోతే నేల వైపు చూడండి. పాత గచ్చు మీదే టైల్స్ పరిపించి, నేల ఎత్తు పెరిగాక "తలుపు దిగిపోయింది" అనడం ఈ మధ్య మామూలైంది. పాపం, తలుపు ఎక్కడికీ దిగలేదు. బంకమన్ను నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే చోట పునాది కాస్త కదిలి ద్వారబంధమే మూల తప్పవచ్చు. అప్పుడు కొత్త తలుపు తెచ్చినా అదే మూలలో పట్టేస్తుంది.

అడుగు పుచ్చిందన్న మాటలో కొంత నిజం ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి, మెత్తగా దిగినంత మేరా కోయించి, అదే జాతి ఎండు చెక్క అతికించవచ్చు. పలకల తలుపైతే అడుగున ఉన్న అడ్డపట్టీ ఒక్కటే మార్చవచ్చు. పొరలు విడిపోయిన ప్లైవుడ్ తలుపును మాత్రం మార్చుకోండి. స్నానగదికైతే ప్లాస్టిక్ తలుపే నయం, అక్కడ నాకు పేచీ లేదు. ద్వారబంధానికి చెదలు పట్టి ఉంటే ముందు వాటి సంగతి తేల్చాలి, లేకపోతే కొత్త చెక్కనూ అవే తింటాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటించినంత వరద మళ్లీ వచ్చి లంక ఇళ్ల తలుపులు నానినా, గట్టి టేకు తలుపును నీడలో, గాలి ఆడేలా ఆరబెడితే చాలావరకు దక్కుతుంది. తొందరపడి ఎండలో పెడితే వంకర తిరుగుతుంది.

అరిష్టం మాటకు రెండు చుక్కల మిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె వద్దు, కోనసీమ వాళ్లు ఏమనుకున్నా సరే. చలికి పేరుకుని, దుమ్ము పట్టి బందు మళ్లీ మొండికేస్తుంది.

ఉచితంగా తీసుకెళ్తామన్న ఔదార్యం గురించి ఒక్క మాట. పాత టేకును డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నారు. ముందు వాళ్లను ధర అడగండి.

ఇక మరమ్మతు దండగా? కొత్త తలుపుకు చెప్పే ధర సాధారణంగా రెక్కది. బందులు, గడియలు, బిగింపు కూలి, రంగు వేరు. పాత మండువా ఇళ్ల గుమ్మాలు పొట్టివి, రెండు రెక్కలవి. నేటి రెడీమేడ్ కొలతలు వాటికి సరిపడక, ద్వారబంధం పెకలించి గోడ పూత కూడా మళ్లీ వేయించాల్సి రావచ్చు. మార్చక తప్పదనుకుంటే దుకాణానికి వెళ్లేముందు ద్వారబంధాన్ని పై మూల నుంచి ఎదుటి అడుగు మూలకు, రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతలూ కలవకపోతే రెడీమేడ్ జోలికి పోకుండా, వడ్రంగి చేత ఆ గుమ్మానికి తగ్గట్టే రెక్క చేయించుకోండి.