పాత బండికి ఆ మాత్రం వాసన ఉంటుంది సార్!

కొన్ని తీర్పుల మీద అప్పీలు ఉండదు. "పాత బండికి ఆ మాత్రం వాసన ఉంటుంది సార్" అన్నది అలాంటిది. కారులో పెట్రోలు వాసన వస్తోందంటే చాలు, మెకానిక్కులు బానెట్ ఎత్తకముందే, కనీసం బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యకముందే, స్పానర్‌తో వీపు గోక్కుంటూ ఇచ్చేస్తారు. మూడు నెలల్లో కర్నూలులోని నాలుగు షెడ్లలో ఈ తీర్పు విన్నాను. నాలుగు చోట్లా అవే మాటలు, అదే చిరునవ్వు. పెద్దాయనకు దగ్గు వస్తోందంటే "వయసు కదా" అని పంపించేసే డాక్టరు నవ్వు అది.

నాది 1984 నాటి ఫియట్. కాగితాల మీద ప్రీమియర్ పద్మిని. కాగితాలు ఏమన్నా అననీ, మా ఊళ్ళో అది ఫియటే. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ కింద గేరు రాడ్డు, మా నాన్న కుట్టించిన సీటు కవర్లు. పెట్రోల్ గేజీ ముల్లు ఎప్పుడో సగం దగ్గర సమాధిలోకి వెళ్ళిపోయింది. ట్యాంకు నింపినా సగమే, ఎండిపోయినా సగమే. సుఖదుఃఖాలను సమంగా చూడటం ఎలాగో ఆ ముల్లును చూసి నేర్చుకోవాలి.

అలాంటి బండిలో పెట్రోలు వాసన మొదలైంది. ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు, మా ఆవిడకు తెలుసు. "మీ పక్కన కూర్చుంటే బంకులో కాపురం పెట్టినట్టుంది" అంది ఒక ఆదివారం. నాకేమో ఏ వాసనా లేదు. మనిషి ముక్కు పెద్ద లంచగొండి. ఒకే వాసనను కాసేపు పీల్చిందంటే ఇక ఫిర్యాదు చెయ్యడం మానేస్తుంది. అందుకే ఈ కేసులో బండి ఓనరు సాక్ష్యం చెల్లదు. బయటి నుంచి వచ్చి తలుపు తెరిచిన మనిషి మొదటి శ్వాస ఒక్కటే సాక్ష్యం.

సరే, సాక్షులను పోగేద్దామని బళ్ళారి చౌరస్తా వైపు ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడ ఏర్పడింది ముక్కుల కమిటీ.

చైర్మన్ మెకానిక్ భాయ్. సభ్యులు: ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు, పక్కనే తోపుడుబండి మీద ఉగ్గాని బజ్జీ అమ్మే పెద్దాయన, రిటైరైన లారీ డ్రైవరు, స్కూటర్ పంక్చరుకొచ్చి స్కూటరును మర్చిపోయిన ఒకాయన, నా వెంట వచ్చిన మా బావమరిది. ఆరు తలకాయలు నాలుగు తలుపుల్లోంచి లోపలికి దూరాయి. కాసేపు శ్వాసలు తప్ప ఇంకేం వినపడలేదు. తర్వాత నివేదికలు వచ్చాయి. లారీ డ్రైవరు ఇది పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ పని అన్నాడు. కుర్రాడేమో ఇంజనుకు పెట్రోలు అందించే పంపుదే తప్పన్నాడు. పంక్చరాయన "ఇది పెట్రోల్ వాసనే కాదు, సీటు కింద ఎలక సచ్చింది" అని భిన్నాభిప్రాయం నమోదు చేశాడు. ఉగ్గాని పెద్దాయన మాత్రం అందరికంటే నిజాయితీగా "నాకు పచ్చిమిరపకాయ వాసన తప్ప ఏదీ రాదబ్బా, ముప్పై ఏండ్లాయె" అని తలకాయ బయటికి తీశాడు. చైర్మన్ చివర్న వాసన చూసి, కళ్ళు మూసుకుని, సంగీత కచేరీలో పెద్దల్లా తల ఊపి, తెరిచి, తీర్పు చెప్పాడు. పాత బండికి ఆ మాత్రం...

ఈ మహావాక్యాన్ని నమ్మే ఓనర్లు కూడా ఉన్నారు, వాళ్ళతో ఇంకా కష్టం. నాకు తెలిసిన ఒక అంబాసిడర్ స్వామికి ఆ వాసన వారసత్వ సంపద. "అదే వింటేజ్ ఫీలు" అంటాడు. ఈయన బండిలో ఇంజనాయిల్ తగ్గకపోగా పెరుగుతోందట! ఆయిల్ కొలిచే కడ్డీ తీసి మరీ చూపించాడు, సంతానం కలిగినంత ఆనందంగా. ఆయిల్‌ను పుట్టించే బండి ఉంటే దేశానికి దిగుమతుల బెడదే ఉండదు. నేను కడ్డీ వాసన చూశాను. గుప్పున పెట్రోలు. ఈ పాత బండ్లలో పంపు ఇంజనుకే ఆనుకుని ఉంటుంది. దాంట్లోని డయాఫ్రమ్ అనే పలచని పొర చిరిగితే పెట్రోలు నేరుగా కింద ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పలచనై బేరింగులు అరిగిపోతాయి. అదే చెబితే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. వాళ్ళింట్లో ఇచ్చే కాఫీ కూడా అప్పటినుంచి బంద్.

నిజానికి ఈ వాసన పట్టుకోవడానికి ముక్కు కంటే గడియారం ముఖ్యం. ఎంత వాసన అని కాదు, ఎప్పుడు అని అడగాలి. ఎండలో తిరిగొచ్చి ఇంజను ఆపగానే ముందు వైపు కాసేపు వాసన వచ్చి పోతే, ఆ వేడికి కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరవుతోందని అర్థం. దాన్ని ఈ బండ్లకు కొంత క్షమించవచ్చు. రాత్రంతా ఊరికే నిలబడ్డ బండి తెల్లవారుజామున కంపు కొడితే ఎక్కడో కారుతోందనే. కిటికీలు దించి పోయేటప్పుడు మాత్రమే వస్తే డిక్కీ రబ్బరు పోయి, వెనక పొగ లోపలికి వస్తోందేమో చూడాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వచ్చి, సగమయ్యేసరికి మాయమైతే ఇంజను జోలికే పోనక్కర్లేదు, ట్యాంకు పైభాగంలోనే దొంగ ఉన్నాడు. ఈ ప్రశ్న నన్ను నాలుగు షెడ్లలో ఒక్కరు అడగలేదు. అడగకుండానే కార్బొరేటర్ రెండుసార్లు విప్పారు, ఒకసారి దాని గిన్నెలో తేలే ఫ్లోటు మార్చారు, ఒకాయన ట్యాంకు కింద బట్టల సబ్బు రాసి "ఇంక సచ్చినా కారదు" అని హామీ ఇచ్చాడు. రాయించుకున్న నాకూ సిగ్గుండాలి.

మళ్ళీ కమిటీ దగ్గరికి వద్దాం, అసలు ఘట్టం ఇంకా ఉంది. తీర్పు చెప్పిన భాయ్ ఇంకొకసారి ఖాయం చేసుకుందామని డిక్కీలోకి వంగాడు. నోట్లో బీడీ ఉంది. వెలిగే ఉంది. పక్కనే కుర్రాడు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పెట్రోలు పోసుకుని ఎవరిదో కార్బొరేటర్ కడుగుతున్నాడు. పది అడుగుల అవతల బజ్జీల పొయ్యి భగభగ మండుతోంది. ఎదురు షెడ్డులో గేటుకు వెల్డింగ్, నిప్పురవ్వలు దీపావళిలా రోడ్డు మధ్య దాకా వస్తున్నాయి. ఇంత ఏర్పాటు చాలదన్నట్టు మా బావమరిది "బావా, లోపల ఒక అగరొత్తి ఎలిగిస్తే వాసన పట్టుకు పోతాది" అని జేబులోంచి ప్యాకెట్టూ అగ్గిపెట్టే తీశాడు. మల్లెపూల పరిమళం. వెనక సీట్లో మా చిన్నది నిద్రపోతోంది.

నేను అరిచిన అరుపు కొండారెడ్డి బురుజు దాకా వినపడి ఉంటుంది. వినపడనీ. పెట్రోలంటే ఏమనుకుంటున్నారు ఈ మనుషులు? మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని వదిలే పదార్థం అది. మే నెలలో మన ఊళ్ళో 42, 43 డిగ్రీలు. గాలిలో వందకు ఒకటిన్నర పాళ్ళు కూడా అక్కర్లేదు, ఒక్క రవ్వ చాలు. ఆ ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు. డిక్కీ అడుగున, కాళ్ళ దగ్గర, పిల్లలు పడుకునే సీటు కింద నీళ్ళలా నిలబడి ఉంటుంది. అంటుకోకపోయినా అందులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చే విషం. మూడు నెలలు మా పిల్ల తలనొప్పి అంటుంటే "బడికి పోకుండా సాకులు" అన్నాను నేను. ముందు నన్ను తన్నాలి. తర్వాత ఆ బీడీని. "ముప్పై ఏండ్లుగా ఇట్లే చేస్తాండాం సార్, ఏం కాలేదు" అన్నాడు భాయ్. అవును, అయినవాళ్ళెవరూ ఆ మాట చెప్పడానికి రారు కదా!

"గమ్మునుండు బావా, ఊరికే టెన్షన్ పడతావు" అన్నాడు బావమరిది, అగరొత్తి ప్యాకెట్టు మీద దుమ్ము తుడుస్తూ.

ఆ రోజు నుంచి విచారణ నేనే చేపట్టాను. ట్యాంకు నిండా పోయించాను. రాత్రి బండిని ఆరుబయట పెట్టి, కింద పాత దినపత్రికలు పరిచాను. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, డిక్కీ తెరిచి అరగంట గాలాడనిచ్చాను. బ్యాటరీ వైరు ఊడదీశాను. మా ఆవిడ పౌడర్ డబ్బా తెచ్చి ట్యాంకు అతుకులన్నిటి మీదా చల్లాను. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. నలభై ఏళ్ళ బండికి పౌడర్ రాసే మొగుడి గురించి ఆమె ఏమనుకుందో అడగలేదు. బండిని కాస్త ఊపి, గంట ఆగి చూస్తే అంతా తెల్లగా ఉంది, ఒక్కచోట తప్ప. గేజీకి సంబంధించిన ఫ్లోటు యూనిట్‌ను ట్యాంకుకు బిగించే చోట, అర్ధచంద్రాకారంలో తడిసి నల్లబడ్డ మరక.

సందులోంచి పెట్రోలు కారకుండా మధ్యలో వేసే బెండు ప్యాకింగ్ అక్కడుంది. మా నాన్న కాలం నాటిది. ఎండి, బీటలు వారి, అప్పడం ముక్కలా ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న రోజులివి. పాత రబ్బరు పైపులకూ ప్యాకింగులకూ అది అసలే పడదు. అంతకుముందు కారని చోట్ల కూడా ఇప్పుడు కారుతుంది. అయినా కార్బొరేటర్‌నే విప్పుతారు, అలవాటు.

కొత్త ప్యాకింగ్‌కు ఆ రోజు కమిటీ సభ్యులకు నేను పెట్టించిన ఉగ్గాని బజ్జీ పాటి ఖర్చు కూడా కాలేదు. బిగించడానికి మళ్ళీ అదే భాయ్ దగ్గరికి వెళ్ళాను, వేరే దారి లేదు. ఈసారి బీడీ పారేసేదాకా డిక్కీ తాళం ఇవ్వలేదు. కుర్రాడు ట్యాంకులో పెట్రోలంతా క్యాన్లలోకి తీశాడు, పాత ప్యాకింగ్ గీకాడు, కొత్తది పెట్టి బోల్టులు ఎదురెదురుగా సమంగా బిగించాడు. చక్కటి పని. మా ఆవిడను పిలిపించి తలుపు తెరిపించాను. మొదటి శ్వాస తీసుకుంది. "లేదు" అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏముంటుంది?

భాయ్ కూడా తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చాడు. ముఖంలో అనుమానం. "ఏంది సార్, బొత్తిగా వాసన లేదు? పెట్రోల్ ఉందా లేదా ఒకసారి చూసుకోండి" అన్నాడు. నేను గర్వంగా గేజీ వైపు చూశాను. ముల్లు సగం దగ్గర ఉంది.

నంద్యాల చెక్‌పోస్టు దాటగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. క్యాన్లు షెడ్డులోనే ఉన్నాయి.