పెసరట్టుపై శ్వేతపత్రం

ప్రభుత్వం మారినప్పుడల్లా శ్వేతపత్రం విడుదల చేయడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఆనవాయితీ అయిపోయింది. మా ఇంట్లో ప్రభుత్వం మారలేదు. కాకపోతే సంక్రాంతి అరిసెలు అయిపోయిన వారానికి చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 లోపు ఉంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటోందని అర్థం. అందుచేత మా ఇంటి ఉదయపు టిఫిన్ల స్థితిగతులపై ఈ పత్రాన్ని ప్రజల ముందు ఉంచుతున్నాను. ప్రజలంటే మా ఆవిడ, మా అమ్మ, బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో హాజరయ్యే మా అమ్మాయి.

డాక్టరు గారు చెప్పింది మూడే ముక్కలు. రోజూ నడవండి, స్వీట్లు తగ్గించండి, మూడు నెలలాగి రండి. ఇంత పెద్ద సమస్యకు ఇంత చిన్న పరిష్కారమా అని నాకు మనసు కష్టపెట్టుకోవాలనిపించింది. ఆ రాత్రి ఫోన్ తెరిచాను. రెండు గంటల్లో నలుగురు కుర్రాళ్లు, ఇద్దరు అమ్మాయిలు, ఒక స్వామీజీ కలిసి నాకు పోషకాహార శాస్త్రం మొత్తం నేర్పించేశారు. తెల్లవారేసరికి నేను సంస్కర్తను.

మొదటి సంస్కరణ: ఇకమీదట ఇంట్లో చేసిన ఆరోగ్యకరమైన టిఫిను మాత్రమే. ఇక్కడ 'ఇంట్లో చేసిన' అన్న మాటను గమనించాలి. చోటు ఉంది, క్రియ ఉంది. కర్త ఎక్కడా కనిపించడు. ఇది వ్యాకరణ దోషం కాదు, సౌకర్యం. నిర్ణయం నాది, నానబెట్టడం ఇంటిది. మూడు రకాల మొలకలు, రెండు రకాల పచ్చళ్లు, రాగి జావ, వాల్‌నట్ ముక్కలు అన్నీ ఉదయం ఏడున్నరకల్లా ఇంట్లో వాటంతట అవే తయారయ్యేవి. మా ఆవిడ మాత్రం ఎందుకో ఐదింటికే లేచేది.

రెండో సంస్కరణ ఇడ్లీ మీద. ఒక పాలు మినప్పప్పుకు రెండు పాళ్లు ఇడ్లీ రవ్వ వేసి మా అమ్మ జీవితమంతా ఈ ఇంటికి వండి పెట్టింది. ఆ రవ్వ తెల్లగా ఉంటుంది. తెల్లనివన్నీ విషాలని స్వామీజీ చెప్పాడు. (ఆయన పంచె కూడా తెల్లగానే ఉంది, కానీ పంచె ఎవరూ తినరు కదా.) ఆన్‌లైన్‌లో చిన్న డిజిటల్ కాటా తెప్పించి ఒక్కో ఇడ్లీనీ తూచి ప్లేటులో పెట్టడం మొదలుపెట్టాను. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "తరుగు కూడా తీస్తున్నావట్రా?" అని అడిగింది.

ఇడ్లీని పదవి నుంచి తప్పించాక కొర్రలు వచ్చాయి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదీ మన దేశం అడిగితేనే. నేను కాస్త ఆలస్యంగా స్పందించాను, అంతే. మా తాత కొర్రన్నం, జొన్న సంకటి తినే పెరిగాడు. నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే ఆయన చేసిన మొదటి పని వాటిని మానేసి తెల్లన్నానికి మారడం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఊళ్లో ఆ గౌరవం అందరికీ దక్కింది. పేదరికం అని తాత వదిలించుకున్న కొర్రలను మనవడు ఇప్పుడు జిప్ ఉన్న సంచిలో, బియ్యం కంటే ఎక్కువ ధర పెట్టి కొంటున్నాడు. వంశం ఎదిగిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

"మా చిన్నప్పుడు టిఫినెక్కడిదిరా, చుట్టాలొస్తే తప్ప" అంటుంది అమ్మ. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, ఆవకాయ బద్ద నంజుకుని బడికి పోయేవారట. అదే చద్దన్నాన్ని ఇప్పుడు మట్టి ముంతలో పోసి ప్రోబయోటిక్ అని హోటళ్లలో అమ్ముతున్నారని చెప్పాను. ఎంతకి అని అడిగింది. ధర చెప్పాను. ఆ పూటకు ఇక మాట్లాడలేదు.

మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి రోగం మీద పరిశోధనకు ఒక చిన్న యూనిట్‌గా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. ఈ దేశం ఏం తినాలో నూరేళ్లుగా లెక్క కడుతున్న చోటు. 2024లో వాళ్లు 17 మార్గదర్శకాలు విడుదల చేశారు. అమ్మాయి పంపితే చదివాను. మొదటిదే రకరకాల ఆహారం కలిపి తినమని. రోజు మొత్తం శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం దాటనివ్వొద్దని, పప్పులు, కూరగాయలు పెంచమని ఉంది. అంతా చదివినా ఒక్క శత్రువు కూడా దొరకలేదు. దేన్నీ తిట్టని శాస్త్రాన్ని నమ్మేదెలా? మళ్లీ రీల్స్‌కే వచ్చేశాను.

ఇక అసలు విషయం, పెసరట్టు. ఇందులో నాకు అభ్యంతరం చెప్పడానికి ఏమీ కనిపించకపోవడం మొదట్లో ఇబ్బందిగా ఉండేది. పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిరప, జీలకర్ర. పులియబెట్టే పని కూడా లేదు. ఉప్మా పెడితే ఎమ్మెల్యే పెసరట్టు. పప్పు ఒక పార్టీ, రవ్వ ఒక పార్టీ, మధ్యలో అల్లం పచ్చడి మద్దతు. అన్ని సంకీర్ణ ప్రభుత్వాల్లోకీ సజావుగా నడిచింది ఇదొక్కటే. వెతగ్గా వెతగ్గా చివరికి నూనె దొరికింది.

మా ఆవిడ పద్ధతి ఇది. సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి, కాలిన పెనం మీద రుద్దుతుంది. చుయ్ మంటుంది. గరిటెడు పిండి నడిమధ్య పోసి గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పుకుంటూ అంచు దాకా తీసుకుపోతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు చల్లి, చుట్టూ అర చెంచా నూనె. అంచులు ఎర్రబడి వాటంతట అవే పైకి లేచినప్పుడు అట్లకాడ పెడుతుంది, ముందు కాదు. ఆ అర చెంచానే నేను పట్టుకున్నాను.

ఆ ఆదివారం నూనె శాఖను స్వయంగా చేపట్టి, స్ప్రే సీసాతో పెనం మీద రెండుసార్లు పిచికారీ చేశాను. పిండి పోశాను. అట్టు లేవలేదు. అట్లకాడతో గీకాను. సగం లేచింది, సగం పెనంతోనే ఉంటానంది. వచ్చినదానికి పెసర పొరటు అని పేరు పెట్టి ఫొటో తీసి అమ్మాయికి పంపాను. "ఇంట్లో రిపేర్లేమైనా చేయిస్తున్నారా నాన్నా?" అని జవాబు వచ్చింది.

సాయంత్రం ఫోన్ చేసి ఇంకో మాట చెప్పింది. మంచి తిండే తినాలన్న యావ ముదిరి, తిండి అంటేనే టెన్షన్ పడే స్థితికి 1997లోనే స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికా డాక్టరు ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడట. గ్రీకులో 'ఆర్థో' అంటే 'సరైన' అని అర్థమట. సరైన అనే మాట ఉంది కాబట్టి దాన్ని అభినందనగానే స్వీకరించాను.

శ్వేతపత్రం అన్నాక పారదర్శకత ఉండాలి. ఉదయం నడకకు వెళ్లినప్పుడు పార్కు గేటు పక్కన టిఫిన్ బండి దగ్గర అప్పుడప్పుడు ఆగుతుంటాను. నిలబడి తిన్నది టిఫిన్ కిందికి రాదు, పరిశీలన కిందికి వస్తుంది. ఒకరోజు నాలుగు మైసూర్ బజ్జీలను పరిశీలించి ఫోన్‌లో నలభై రూపాయలు కొట్టాను. అది జాయింట్ అకౌంట్ అన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, మొలకల గిన్నె నా ముందుకు జరిపి, "చట్నీ బాగుందా?" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ మొలకలు గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

మూడు నెలల ఫలితాలు కూడా ప్రకటించాలి. నా హెచ్‌బీఏ1సీ 6.1 దగ్గరే ఉంది. ఇంట్లో ఒకరి బరువు మాత్రం మూడు కిలోలు తగ్గింది. నాది కాదు, ఐదింటికి లేచే మనిషిది. అమ్మ రోజూ రెండు పెసరట్లు, మధ్యలో ఉప్మాతో తిని, ఉప్పు సరిపోయిందని చెప్పి, తులసి చెట్టుకు నీళ్లు పోయడానికి వెళ్లిపోతుంది. ఎన్ని గ్రాముల ప్రోటీన్ అన్నది ఆమె ఎప్పుడూ అడగలేదు, నేను చెప్పబోతే వినలేదు.

ఈ పత్రం ముసాయిదాను నిన్న రాత్రి ఫ్రిజ్ మీద అంటించాను, ప్రజలు అభ్యంతరాలు తెలుపుకోవచ్చని. పొద్దున లేచి చూస్తే 'ఇంట్లో చేసిన' అన్న చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద మా ఆవిడ గుండ్రటి చేతిరాతలో ఒకటే సవరణ:

"పెసలు నానాయి. కర్త వచ్చి రుబ్బవలెను."