మగవాడికీ రొమ్ము ఉంది

'రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు' అంటాం. తెలుగులో ఆ మాట ఎక్కువగా మగవాడి ధీమాకే వాడతాం. అదే రొమ్ము పక్కన క్యాన్సర్ అన్న మాట చేరిందంటే చాలు, ఆడవాళ్ల జబ్బు అయిపోతుంది. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అయిన అక్టోబరు వచ్చిందంటే గులాబీ రిబ్బన్ల పోస్టర్లు వెలుస్తాయి. వాటిలో ఒక్క మగవాడి బొమ్మ కూడా నా కంటపడలేదు.

అమెరికన్ గాయని బియాన్సే తండ్రి మాథ్యూ నోల్స్ చొక్కా మీద చిన్న ఎర్రటి చుక్క కనిపించేది. చొక్కా మార్చినా మళ్లీ అదే చుక్క. పక్క దుప్పటి మీద కూడా ఇలాంటి మరకలే ఉన్నాయని భార్య చెప్పారు. పరీక్ష చేయిస్తే రొమ్ము క్యాన్సర్. 2019 అక్టోబరులో ఆయనే టీవీలో ఈ సంగతి బయటపెట్టారు. తమాషా ఏమిటంటే, 1980లలో ఆయన జిరాక్స్ కంపెనీ తరఫున అమ్మింది రొమ్ము క్యాన్సర్‌ని పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలే!

మగవాళ్లు సిగ్గుపడుతున్నారు కాబట్టి దీన్ని 'ఛాతీ క్యాన్సర్' అందామన్నది నోల్స్ సలహా. నాకది రుచించలేదు. ఛాతీ అనగానే మనవాళ్ల ధ్యాస గుండె మీదికో ఊపిరితిత్తుల మీదికో పోతుంది. ఉన్న పేరుకే మగవాణ్ణి అలవాటు చేయడం మేలు.

రొమ్ము క్యాన్సర్ కేసుల్లో మగవాళ్లవి నూటికి ఒకటి. అరుదే. కానీ 2019లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, జబ్బు తేలాక ఐదేళ్లు బతికినవాళ్లు ఆడవాళ్లలో 86.4 శాతం ఉంటే మగవాళ్లలో 77.6 శాతమే. ఈ తేడాలో సగానికి పైగా ముదిరాక బయటపడటం, వైద్యం సరిపడా అందకపోవడం లాంటి కారణాలకే పోతుంది. నిజానికి మగవాడి రొమ్ములో కణజాలం తక్కువ, గడ్డ చేతికి తొందరగా తగలాలి. తగులుతుంది కూడా. నొప్పి లేదు కదా, బనియన్ ఒరుసుకుని ఉంటుందిలే అని వదిలేస్తారు. చనుమొన లోపలికి లాక్కుపోయినా, నెత్తురు కనిపించినా టెన్షన్ పడేది భార్యే. మగవాళ్ల రొమ్ము ఉబ్బినంత మాత్రాన క్యాన్సర్ కాదు, చాలావరకు హార్మోన్ల తేడానే. అది తేల్చాల్సింది మాత్రం డాక్టరు.

అలాగని మగవాళ్లందరికీ మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయమనడం డబ్బు దండగ. చూడాల్సింది వంశాన్ని. నోల్స్‌కు బీఆర్‌సీఏ2 జన్యువులో లోపం ఉందని తేలింది. ఆ లోపం ఉన్న మగవాళ్లలో వందకు ఆరేడుగురికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ రావచ్చు, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. అలాంటివాళ్లు 35 ఏళ్ల నుంచి తమ రొమ్ము తాము తడిమి చూసుకోవాలని, ఏటా డాక్టరుకు చూపించుకోవాలని నిపుణులు చెబుతున్నారు. ఈ లోపం కొడుకుకైనా కూతురికైనా రావడానికి సగం అవకాశం ఉంది, అమ్మ నుంచైనా నాన్న నుంచైనా.

మనం ఆ రెండో దారినే మరిచిపోతాం. ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టర్ అడిగితే అమ్మను, అమ్మమ్మను, పిన్నిని తలుచుకుని లేదంటాం. పెళ్లిలో హారతి పట్టేటప్పుడు గుర్తొచ్చే మేనత్త ఈ లెక్కలోకి రాదు. ఆమెకు రొమ్ము తీసేశారన్న సంగతి తెలిసినా అది నాన్నవైపు విషయమని పక్కన పెట్టేస్తాం. ఆమె తోడబుట్టినవాడే మన నాన్న.