బైపాస్ అయి ఏడాది దాటితే సముద్రంలోకి దిగవచ్చా?

అండమాన్ ప్రయాణానికి టిక్కెట్లు తీసుకున్న మరునాడే మా పెద్ద బావగారు నాకొక వాట్సాప్ సందేశం పంపారు. ఆయనకు బైపాస్ అయి ఆరేళ్లయింది. ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిన ఆ సందేశం సారాంశం ఇది: గుండె ఆపరేషన్ అయి ఏడాది దాటినవారెవరైనా నిర్భయంగా స్కూబా డైవింగ్ చేయవచ్చు, నీటిలో బరువుండదు కనుక గుండెకు శ్రమ లేదు, వీపున ఆక్సిజన్ సిలిండర్, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు, దిగేది 10 మీటర్లే, ఫారంలో ఆపరేషన్ సంగతి రాస్తే దించరు కనుక అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టాలి.

గుండె ఆపరేషన్ అయినవారిలో కొందరు వైద్యుల అనుమతితో డైవింగ్ చేస్తున్న మాట నిజమే. ఆ ఒక్క నిజం చుట్టూ అల్లినందువల్లనే మిగతా అబద్ధాలు నమ్మదగినవిగా కనిపిస్తున్నాయి.

నీటిలో బరువు తెలియదు, నిజమే. గుండెకు శ్రమ లేదన్నది మాత్రం తప్పు. మెడలోతు నీటిలోకి దిగగానే కాళ్లలో, చేతుల్లో ఉండే రక్తం నీటి ఒత్తిడికి ఛాతీలోకి జరుగుతుంది. అలా అదనంగా చేరే రక్తం పెద్దవారిలో సుమారు 700 మిల్లీలీటర్లని అంచనా. నీరు చల్లగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి, గుండె ఒకవైపు ఎక్కువ రక్తాన్ని అందుకుంటూ, మరోవైపు బిగుసుకున్న నాళాల్లోకి దాన్ని నెట్టవలసి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె దీనికి సర్దుకుంటుంది. నీటిలో దిగిన కాసేపటికే మూత్రం వస్తున్నట్లనిపించడం, డైవర్లు పైకి చెప్పుకోని ఆ ఇబ్బంది, ఈ సర్దుబాటులో భాగమే. కానీ గతంలో గుండెపోటు వచ్చి ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే గుండె గది) బలహీనపడినవారికి నీటిలో ఉండగానే ఊపిరితిత్తుల్లో ద్రవం ఊరి, ఆయాసం, నురగతో కూడిన దగ్గు మొదలు కావచ్చు. దీనికి సముద్రపు నీరు మింగనక్కరలేదు. సొంత రక్తంలోని ద్రవమే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు సంభవించిన 947 వినోద డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, కారణాన్ని నిర్ధారించగలిగిన మరణాల్లో దాదాపు నాలుగో వంతు గుండె సంబంధమైన ఘటనతోనే మొదలైనట్లు తేలింది. గుండెకు విశ్రాంతినిచ్చే ఆటలో ఇంత లెక్క రాదు.

సిలిండర్ విషయం మనలో చాలామందికి ఉన్న అపోహే. అందులో ఉండేది ఆసుపత్రి ఆక్సిజన్ కాదు. మనం పీల్చే గాలినే వడగట్టి, ఒత్తిడితో నింపుతారు. అందులో ఆక్సిజన్ 21 శాతమే. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను పీలుస్తూ 6 మీటర్లు దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదముంది.

ఇక 10 మీటర్లు తక్కువ లోతు కాదు. అక్కడ ఒత్తిడి నేల మీది ఒత్తిడికి రెట్టింపు. ఆ లోతులో పీల్చిన గాలిని కంగారులో బిగపట్టి పైకి వస్తే, అది ఊపిరితిత్తుల్లో రెండింతలకు ఉబ్బబోయి, వాటిని చీల్చి రక్తంలోకి చొరబడగలదు. పైగా బైపాస్‌లో కొత్త దారిగా రొమ్ము లోపలి ధమనిని వాడినప్పుడు ఎడమ ఊపిరితిత్తి పొరను తెరవవలసి రావడం సాధారణం కనుక, ఆ వైపు మచ్చలు మిగిలాయా అన్నది కూడా చూసుకోవలసిందే.

ఇన్‌స్ట్రక్టర్ మంచివాడే కావచ్చు. ఆయన మీ చేయి పట్టుకోగలరు గాని, నీటి అడుగున గుండె లయ తప్పితే సరిచేయలేరు.

అసలు పొరపాటు ‘ఏడాది’ అన్న మాటలో ఉంది. బైపాస్ తర్వాత డైవింగ్ ఆలోచన చేయడానికి కనీసం 6 నుంచి 12 నెలలు ఆగాలని వైద్యులు చెప్పే మాట అక్కడి నుంచి పరీక్షలు మొదలుపెట్టడానికే గాని, దిగడానికి అనుమతిగా కాదు. బైపాస్ అడ్డంకిని దాటించిందే తప్ప జబ్బును తొలగించలేదు. కాలి నుంచి తీసి అతికించిన సిరలు ఏళ్లు గడిచేకొద్దీ పూడుకుపోయే అవకాశం పెరుగుతుంది. అంటే ఆరేళ్లు గడిచాయన్నది మా బావగారికి పూర్తిగా అనుకూలమైన లెక్కేమీ కాదు. గుండె ఆపరేషన్లన్నీ ఒకటే కావు. చిన్నప్పుడు గుండెలో రంధ్రాన్ని పూర్తిగా మూయించుకున్నవారికి చాలాసార్లు అభ్యంతరం ఉండదు. కొంచెం మిగిలిపోతే మాత్రం, లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు రక్తంలో ఏర్పడే, మామూలుగా ఊపిరితిత్తులు వడకట్టవలసిన నైట్రోజన్ బుడగలు ఆ సందులోంచి నేరుగా మెదడు వైపు వెళ్లగలవు. లోహపు వాల్వు ఉండి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవారికి చెవి మీది ఒత్తిడే రక్తస్రావం తేగలదు. పేస్‌మేకర్ ఎంత లోతు ఒత్తిడిని తట్టుకుంటుందో దాని తయారీదారు చెప్పాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, ఎదురు ప్రవాహంలో గట్టిగా ఈదవలసి వచ్చినప్పుడు ఆ వేగాన్ని పెరగనివ్వవు.

చివరిది ‘లేదు’ అని టిక్కు పెట్టమనడం. నాకు కోపం తెప్పించింది ఇదే. అంతర్జాతీయంగా వాడే డైవింగ్ వైద్య ప్రశ్నావళిలో ఛాతీ ఆపరేషన్, గుండె ఆపరేషన్, వాల్వు, స్టెంట్, పేస్‌మేకర్ అన్నీ ఒకే వాక్యంలో ఉంటాయి. దానికి ‘అవును’ అంటే డైవింగ్ నిషిద్ధమని కాదు, వైద్యుడు పరీక్షించి సంతకం చేయాలని మాత్రమే. అబద్ధం రాస్తే తప్పేది ఆ పరీక్ష ఒక్కటే. నీటిలో ఛాతీ పట్టేసినప్పుడు పక్కనున్నవారు దాన్ని భయమనుకుంటారు, ఒడ్డున వైద్యుడు నైట్రోజన్ బుడగల వల్ల వచ్చే జబ్బేమోనని వెతుకుతాడు.

ఆ ఫారాన్ని అచ్చు తీయించి బావగారి ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, “ఇందులో మన స్టెంటు సుబ్బారావు కూడా ఉన్నాడే” అని నవ్వి, ‘అవును’ గడిలో టిక్కు పెట్టారు. గురువారం టీఎంటీ (నడిపించి గుండెను చూసే పరీక్ష), ఎకో (గుండె స్కానింగ్). అవి బాగా లేకపోతే గాజు అడుగున్న పడవలోంచి పగడాలు చూస్తానన్నారు.