మహారాజశ్రీ మంచుగారికి, సంపు యజమాని రాయునది

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల మీద కాపురముంటున్న మంచుగారికి, తిరుపతి నుంచి ఒక సంపు యజమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు.

మీ సంగతి విన్నప్పటి నుంచి కడుపుమంటగా ఉంది. చలికాలంలో పడ్డదంతా కొండమీదే దాచి, ఎండలు ముదిరేకొద్దీ కంతులవారీగా కిందికి వదులుతారట. ఆ రాష్ట్రం నీళ్ళలో దాదాపు మూడో వంతు మీ పుణ్యమేనట. మా శేషాచలానికి ఈ పొదుపు లేదు. కార్తీకంలో వాయుగుండం వచ్చిందంటే, జీతం పడ్డ పూటే ఖర్చుపెట్టేసే మనిషిలా మొత్తం దించేస్తుంది. 2021 నవంబరులో అలాగే దించితే మెట్లదారి ఏరైంది, స్వర్ణముఖి పొంగింది. మామూలు వానల్లో అయితే కపిలతీర్థం జలపాతం దగ్గర సెల్ఫీలు దిగుతాం. ఏప్రిల్‌కల్లా ట్యాంకరుకు ఫోన్లు చేస్తాం.

కొండనే అనకూడదు లెండి. మీరు చేసే పని ఇక్కడ అడవిలో మట్టి, కింద చెరువులు చేయాలి. అడవిని ఎర్రచందనం దొంగలు, చెరువుల్ని ప్లాట్లు వేసేవాళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. మా ఇల్లూ ఒకప్పటి చెరువులోనే ఉందని, ఆ నవంబరులో హాల్లో చెప్పులు తేలాకే తెలిసింది. అమెరికావాళ్ళేమో ప్రభుత్వ అడవులు కలపకే కాదు, నీటి ప్రవాహానికి కూడా అని 1897లోనే చట్టంలో రాసుకున్నారు.

కండలేరు జలాశయం నుంచి మాకొచ్చేది తెలుగుగంగ నీళ్ళు. పేరులో గంగ ఉందని మీ హిమాలయ చుట్టాలకు చెప్పకండి. అది మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ, మంచు చుక్క కలవలేదు.

మీరూ ఒకసారి ఎగ్గొట్టారు. 2015 ఏప్రిల్ 1న మీ లోతు కొలవడానికి పోతే మీ చోట ఎండుగడ్డి కనిపించింది. గవర్నరు ఆ గడ్డిలోనే నిలబడి, ఊళ్ళలో నీటి వాడకం 25 శాతం తగ్గించాలన్నాడు. తారీఖు చూసి నేను మొదట నమ్మలేదు.

చివరగా చిన్న మనవి. మీ కొండల పక్కనే ఉన్న రెనో ఊళ్ళో లాటిన్ చెప్పే చర్చ్ అనే మాస్టారు నూరేళ్ళ కిందటే మీలోకి గొట్టం దించి, తూకం వేసి, వేసవికి ఎన్ని నీళ్ళొస్తాయో లెక్క కట్టాడట. అలాంటి గొట్టం పాతదైనా ఒకటి పంపగలరు. మా సంపులో ముంచి చూసే కర్ర మొన్న విరిగింది.